ముందు ఏమడుగుతారో

నెబ్రాస్కాలో ఓ ఆసుపత్రి క్యాంటీన్. పదమూడు వారాలకో ఊరు మారే నర్సులిద్దరు చల్లారిన సూపు ముందు కూలబడ్డారు. చిన్నామె సాయంత్రంలోగా నర్సులకి కాంట్రాక్టు పనులిప్పించే ఏదో ఒక ఏజెన్సీకి సంతకం పెట్టాలి.

“ఎవరు మంచోళ్లక్కా? ఒక ఏజెన్సీలో డార్లా అనే ఆవిడైతే నా పుట్టినరోజుకి కేకు కూడా పంపింది.”

“కేకులెవరైనా పంపుతారే. సంతకమయ్యాక ఫోనెత్తరు. నువ్వో పని చెయ్యి. మా ఇంట్లో ఒకరికి బాగోలేదు, కాంట్రాక్టు మధ్యలో వెళ్లాల్సొస్తే ఎలాగని అడుగు. వాళ్ల నోట ముందు ఏ మాటొస్తుందో విను.”

“ఏ మాట రావాలి?”

“‘ఎవరికి బాగోలేదు?’ అని రావాలి.”

“మీ ఏజెన్సీ వాళ్లు అలాగే అడిగారా?”

పెద్దామె చెంచాతో సూపు కలిపింది.

“మా చెల్లి పోయిందని ఫోన్ చేస్తే, ‘శుక్రవారం దాకా డ్యూటీ చేస్తావుగా?’ అన్నాడు మా ఏజెన్సీ అతను.”

“ఛీ, ఏం మనిషి! నువ్వేమన్నావు?”

“ఏమంటాను? ఒళ్లు హూనమైపోయి ఉన్నాను, వాదించే ఓపిక లేదు. సరేనన్నాను.”

“మరి చెల్లి?”

“దాన్ని గురువారం సమాధి చేశారు.”