శేషారత్నం కలపని బోల్టులు

శేషారత్నం. అప్పటికి నలభై ఆరేళ్ళు. టీ ఎప్పుడూ నిలబడే తాగేది. అదేనమ్మా కావ్యశ్రీ, ఫోటో చూసి ఈ తుపాకీ పట్టుకున్నావిడ ఎవరాంటీ అన్నావే, ఆవిడ. చీర మీద ఉన్ని స్వెట్టరు, తుపాకీ మోత వినపడకుండా చెవులకి ఆ పెద్ద డిప్పలు. నవ్వకు. పోయి చాలా ఏళ్ళయింది గానీ ఆవిడ మాటొస్తే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది. ఆవిడ మీద కాదు. వాళ్ళాయన ఈశ్వరరావు మీద, ఆ రోజు ఆ హాల్లో కూర్చుని పులిహోర తిన్న మగాళ్ళందరి మీదా. కూర్చో, చెప్తాను. ఆ కుర్చీ వద్దు, దానికి కాలు ఊగుతుంది.

ఇక్కడే ఆక్లాండులో, మౌంట్ రాస్కిల్లో మా వెనక వీధే వాళ్ళది. ఈశ్వరరావు కాకినాడ మనిషి, ఊరికి ఆ చివర ఆల్బనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ బాసు ఆదివారాలు తుపాకులు కాల్చే క్లబ్బుకి వెళ్తాడట, అందుకని ఈయనకీ తుపాకుల మీద ప్రేమ పుట్టింది. బాసు చేపలు పట్టుంటే చేపల మీద పుట్టేది. లైసెన్సు తెచ్చుకున్నాడు. స్వీడన్ సైన్యం వాడిన పాత రైఫిళ్ళు ఒకటొకటిగా అయిదు కొన్నాడు. వందేళ్ళ నాటివి, నిలబెడితే నా భుజం దాకా వచ్చేవి. బాగుండేవి, అబద్ధం ఎందుకు. స్వీడన్ వాళ్ళు అవి పట్టుకుని పెద్ద యుద్ధాలకి పోలేదు, అందుకే ఇంత శుభ్రంగా ఉన్నాయి పిన్నిగారూ అని శేషారత్నం చెప్పేది. ఆయన చెప్పేవాడు కాదు. ఆయనకి తెలిసిందల్లా వచ్చినవాళ్ళకి చూపించడం. గొట్టంలో గుడ్డ దూర్చి తుడవడం, నూనె పెట్టడం, చెక్కకి మెరుగు పట్టించడం, అన్నీ ఆవిడే. ఇంట్లో గిన్నెలెవరు తోముతారు? అలాగే ఇదీ. కాకపోతే ఆవిడ తుడుస్తున్నంతసేపూ ఆయన పక్క కుర్చీలో పేపరు చదువుతూ కూర్చోవాలి. ప్రేమతో కాదులే. ఇక్కడి చట్టం అది. లైసెన్సు లేని మనిషి తుపాకీ ముట్టుకోవాలంటే లైసెన్సున్న మనిషి పక్కనుండి చూస్తూండాలి. తాళాలు కూడా లైసెన్సున్న మనిషి దగ్గరే ఉండాలి.

ఆదివారం క్లబ్బుకి ఆవిడా వెళ్ళేది. ఎందుకూ, డబ్బాల్లో భోజనాలు మోసుకెళ్ళడానికి. అక్కడ సెక్రటరీ గ్రాహమ్ అని తెల్లజుట్టు కివీ పెద్దాయన, ఈ న్యూజిలాండ్ వాడే. ఆయన ఒకరోజు ఆవిడ చేతికి భూతద్దం ఇచ్చి, ఇక్కడ చూడమ్మా అన్నాడు. ఏ ఫ్యాక్టరీలో చేశారో, ఏ సంవత్సరమో తుపాకీ నడినెత్తిన చెక్కి ఉంటుందట. చిన్న చిన్న కిరీటాల ముద్రలు. తుపాకీ నంబరులో ఆఖరి అంకెలు దాని ముక్కముక్క మీదా కొట్టి ఉంటాయట. అన్నీ కలిస్తేనే కలెక్టర్లు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. చీర కొనేటప్పుడు మనం అంచు తిరగేసి చూస్తామే, ఆవిడ అలా చూసేది. కాల్చడం కూడా వచ్చేసింది. ఆ తుపాకులకి గురి సైనికుల కోసం దూరానికి పెట్టుంటుంది, దగ్గరి బోర్డు మీద గుండు పైకి పోతుంది. అందుకని నల్లచుక్క కింద గురిపెట్టాలి. ఆవిడ కిందే పెట్టేది. ఈశ్వరరావు సరిగ్గా చుక్క మీదే పెట్టి, గుండు పైకి పోయిన ప్రతిసారీ తూటాలు బాగాలేవనేవాడు. అక్కడ మొదలైంది. మొగుడు పైన కొట్టడం, పెళ్ళాం మధ్యలో కొట్టడం, వెనకాల బాసు చూడడం. ఇక నువ్వు కాల్చకు, ఎండలో నల్లబడిపోతున్నావు అన్నాడు. ఎండట. సగం రోజులు వాన కురిసే ఆక్లాండులో.

అప్పుడే ఆవిడ తనకి సొంతంగా లైసెన్సు కావాలని దరఖాస్తు పెట్టింది. ఎందుకే నీకిదంతా అని అడిగాను. "ఆయన పక్కన కూర్చోకుండా ఒక్క పనైనా చేసుకోవాలనుంది పిన్నిగారూ" అంది. అంతే. ఇక్కడో పద్ధతుంది, మంచి పద్ధతే. లైసెన్సు ఇచ్చే ముందు ఇంటికొచ్చి అడుగుతారు. భార్య పెట్టుకుంటే భర్తని, భర్త పెట్టుకుంటే భార్యని విడిగా కూర్చోబెట్టి, ఈ మనిషి చేతికి తుపాకీ ఇవ్వొచ్చా అంటారు. బయటివాళ్ళొకరు కూడా హామీగా చెప్పాలి. గ్రాహమ్ చెప్తానన్నాడు.

ఇంతలో దసరా వచ్చింది. రెండు వేల నాలుగు. ఈశ్వరరావుకి బుద్ధి పుట్టింది, ఆయుధపూజ చేస్తానని. మనవాళ్ళు కార్లకి చేస్తారు, కంప్యూటర్లకి చేస్తారు, సరే. ఈయన స్వీడన్ తుపాకులకి చేశాడు. హాల్లో దుప్పటి పరిచి అయిదింటినీ వరసగా పడుకోబెట్టాడు. పట్టుపంచె, కండువా. జాగ్రత్త కోసమని బోల్టులు తీసేశాడు. బోల్టంటే తుపాకీ వెనకనుంచి లాగి తోసే ఇనప కడ్డీ, అది లేకపోతే పేలదు. అయిదు బోల్టులూ వెండిపళ్ళెంలో పెట్టి వాటికి గంధం, కుంకుమ, పైన చామంతులు. ఇనుముకి తడి గంధమేంటండీ తుప్పు పడుతుందని శేషారత్నం వంటింట్లోంచి చెప్తూనే ఉంది. శాస్త్రం నీకు తెలుసా నాకు తెలుసా అన్నాడు. హారతయింది. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఈయన వడ్డన మొదలయ్యేలోపు సర్దేద్దామని, పళ్ళెంలోంచి చేతికొచ్చిన బోల్టు తీయడం, కండువాతో తుడవడం, ఎదురుగా ఉన్న తుపాకీలో దూర్చడం. ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, నంబర్లు చూసి పెట్టండి, కలిసిపోతాయి అంది. నేను విన్నాను. ఆ హాల్లో ప్రతి మగాడూ విన్నాడు. "నువ్వు పులిహోర చూడు" అన్నాడు ఈశ్వరరావు. వాళ్ళు నవ్వారు. బాగా నవ్వారు.

ఆ ఆదివారం క్లబ్బులో గ్రాహమ్ ఈశ్వరరావు తుపాకీ చేతికి తీసుకుని బోల్టు చూశాడు, నంబరు చూశాడు, అందర్నీ కాల్పులు ఆపమన్నాడు. అమరని బోల్టుతో కాలిస్తే తూటా వెనక్కి మొహం మీదే పేలొచ్చట. అయిదింటికీ అవే తిప్పలు, పైగా ఒక బోల్టు మడతలో ఇంకా కుంకుమ ఉంది. ఇదేంటి, ఎవరు చేశారు అని ఆయన గట్టిగానే అడిగాడు. బాసు ఉన్నాడక్కడ. మన దసరా బంతి వాళ్ళూ ఇద్దరు ముగ్గురున్నారు. ఈశ్వరరావు భుజాలెగరేసి ఇంగ్లీషులో, మా ఆవిడ శుభ్రం చేసింది, నేను ఆఫీసులో ఉన్నాను, ఆడవాళ్ళ సంగతి తెలుసుగా అన్నాడు. ఎంత సులువుగా అన్నాడంటే, చెప్పులు విడిచినంత సులువుగా. ఆవిడ భోజనం డబ్బా మూత తీస్తోందట. నేను కాదు అని ఇంగ్లీషులోనే చెప్పింది. ఈయన తెలుగులో, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం అన్నాడు. దసరాకి తిన్నవాళ్ళంతా బూట్లు చూసుకున్నారు. గ్రాహమ్ తలొంచుకుని, నువ్వంటే నాకు గౌరవమేనమ్మా, కానీ బోల్టులు కలిపేసిన మనిషికి హామీగా ఉండలేను అన్నాడు. ఆవిడ అన్నాళ్ళు చూసిన ముద్రలన్నీ, నంబర్లన్నీ ఆ ఒక్క మాటతో గంగలో కలిశాయి.

ఆ వారమంతా మన ఆడంగులు. వీళ్ళు తక్కువ తిన్నారా? అనంతలక్ష్మి ఉందే, సాండ్రింగ్‌హామ్‌లో కిరాణా కొట్టు వాళ్ళ ఆవిడ, ఆమె అయితే నాకే ఫోను చేసి, మగాడికి నలుగురిలో మాట పోకూడదు కదా రాజేశ్వరమ్మగారూ, ఈవిడకి పోయేదేముంది, ఈవిడేమైనా సైన్యంలో చేరుతుందా అంది. ఆడదానికి పోయేదేముంది. ఈ ముక్క నా పుట్టుకనుంచీ వింటున్నాను. దానికి ఉన్నదాన్ని ఒకటొకటిగా తీసేసి, పోయేదేముందని దాన్నే అడగడం.

హామీ పోయినా, ముందే అనుకున్న ప్రకారం గురువారం లైసెన్సు ఆఫీసరు వచ్చాడు. పోలీసుల తరఫున వచ్చే పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు. శేషారత్నం నన్ను తోడుండమంది, వంటింట్లో ఇద్దరం ఉన్నాం. హాలుకీ వంటింటికీ మధ్య అద్దాల తలుపు, అంతా వినిపిస్తుంది. మీ ఆవిడకి తుపాకీ ఇస్తే మీకేమైనా దిగులుంటుందా అని అడిగాడు. ఈశ్వరరావు కుర్చీలో వెనక్కి వాలాడు. చూడు, మగాడు పెళ్ళాన్ని తక్కువ చేసి మాట్లాడేటప్పుడు ఎంత హాయిగా కూర్చుంటాడో. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీదు సార్ అన్నాడు. మొన్న నేను ఆఫీసుకెళ్ళినప్పుడు అయిదు తుపాకులూ బయటికి తీసి బోల్టులన్నీ కలిపేసింది అన్నాడు. ఆఫీసరు, ఒక్కావిడేనా? ఒక్కత్తే సార్. మరి బీరువా తాళాలు? దేవుడి గూటి పక్కన మేకుకి ఉంటాయి సార్, మా ఇళ్ళల్లో తాళాలు ఆడవాళ్ళ చేతిలోనే ఉంటాయి, అది మా గౌరవం అన్నాడు. ఆఫీసరు పెన్ను కింద పెట్టాడు.

అర్థమైందా నీకు? ఈవిడకి లైసెన్సు లేదు. లేని మనిషికి తాళాలిచ్చి, ఒక్కదాన్నే తుపాకులతో వదిలేశానని ఈయన తన నోటితో తనే చెప్పుకున్నాడు. లేని తప్పు ఆవిడ నెత్తిన రుద్దబోతే అది ఈయన లైసెన్సుకే చుట్టుకుంది. అలాగైతే మీ తుపాకులు మేం పట్టుకెళ్ళాలి, మీ లైసెన్సు సంగతి కూడా చూడాలి అన్నాడాయన, మెత్తగానే. అప్పుడు పరిగెత్తుకొచ్చాడు ఈశ్వరరావు వంటింట్లోకి. మొహం సున్నం కొట్టినట్టుంది. శేషూ, శేషూ, నువ్వు తుడుస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నానని చెప్పు, నీ మాట వింటాడు అన్నాడు. శేషూ అట, ఎన్నేళ్ళ తర్వాత గుర్తొచ్చిందో ఆ పేరు. ఆవిడ స్టవ్ కట్టేసింది.

"నేను తుడవలేదు. దసరా నాడు మీరే కలిపారు. వెళ్ళి ఆ ఒక్క మాట చెప్పండి, మీ తుపాకులు మీకుంటాయి" అంది.

నిజమే చెప్పమంది. నిజం చెప్తే ఈయనకే లాభం. మహా అయితే మేకుకి తాళాలేంటని నాలుగు చీవాట్లు పెడతాడు ఆఫీసరు. కానీ ఆ మాట గ్రాహమ్ దాకా వెళ్తుంది, బాసు దాకా వెళ్తుంది. నిలబడ్డాడమ్మా. ఫ్రిజ్ పట్టుకుని నిలబడ్డాడు. హాల్లో ఆ పెద్దమనిషి చేతిలో టీ చల్లారిపోతోంది. తప్పు నాది అనడానికి నాలుగక్షరాలు రాలేదు ఆ నోటికి. ఇంగ్లీషులో రాలేదు, తెలుగులో రాలేదు. తుపాకులు పోయినా సరే, పెళ్ళాం ముందు, పరాయివాడి ముందు, నేనే కలిపాను అని మాత్రం అనలేకపోయాడు. సాయంత్రానికి అయిదూ పోలీసు వ్యానెక్కాయి. ఈయన కిటికీ దగ్గర నిలబడి, చిన్నపిల్లాడిలా ముక్కు చీదుకుంటూ చూశాడు. ఆవిడ మాత్రం ఆఫీసరు అడిగినవన్నింటికీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నమ్మాడనే అనుకుంటాను. కానీ ఒకే ఇంట్లో రెండు కథలు వినిపిస్తున్నాయి, ఈ ఇంటి అడ్రసు మీద ఇప్పుడు ఎవరికీ లైసెన్సు ఇవ్వలేను అన్నాడు.

మర్నాడు మళ్ళీ అనంతలక్ష్మి. చూశారా, ఒక్క అబద్ధం ఆడుంటే ఆయన తుపాకులు ఇంట్లో ఉండేవి కదా, సంసారం చేసే ఆడదేనా అంది. నేను ఫోను పెట్టేశాను. దసరా బంతి వాళ్ళు ఒకరొకరుగా వచ్చి ఈశ్వరరావుని ఓదార్చి, టీ తాగి పోయారు. టీ పెట్టింది ఆవిడే. తర్వాత తర్వాత పెట్టలేదు.

జనవరిలో శేషారత్నం హెండర్సన్‌లో ఫ్లాట్ తీసుకుని వెళ్ళిపోయింది. ఈసారి హామీ చెప్పింది నేను. లైసెన్సు ఆ అడ్రసుకి వచ్చింది.