దొరకని దారం

"అమ్మమ్మా, ఇయ్యాల లేబర్ రూంల మా హెడ్ సిస్టర్ నవ్వుకుంట అడిగింది, మీ అమ్మమ్మకు ఇప్పటికన్న దారం దొర్కిందా అని. ఏంది ఆ దారం ముచ్చట?"

అడిగిందా? ఇంకా యాదికుందా దానికి? నా దగ్గర పని నేర్చుకున్న పిల్లనే అది, గప్పుడు గింత సన్నగ ఉండె. ఇప్పుడు దాని చేతికిందికి నువ్వు పోయినవ్, చూడు. కూసో. ముందుగాల ఆ చాయ్ తాగు, చల్లారితే మల్ల వెచ్చజేసుడు నాతోని కాదు.

దారం అంటే బొడ్డు కట్టే దారం బిడ్డా. మాకు మీ లెక్క ప్లాస్టిక్ క్లిప్పులు యాడియి. తెల్లదారం నీళ్లల్ల ఉడకబెట్టి పెట్టుకునేది. బిడ్డ పుట్టంగనే బొడ్డుపేగుకు రెండు తావుల కట్టి, నడుమ కత్తెరతోని కొయ్యాలె. అది నా పని. నాకు ఆ దారం ముప్పై ఏండ్లు దొర్కలె. నవ్వకు, చెప్తున్న గద.

అరవై తొమ్మిది అది. నాకు ఇరవై రెండో, ఇరవై మూడో. మీ తాతతోని అప్పటికి పెండ్లి కాలె. కాదు కాదు, మాటలయినయి, పెండ్లి కాలె. నారాయణగూడల ఒక చిన్న ప్రసూతి దవాఖానల నర్సును. చిక్కడపల్లి గల్లీల ఒక అర్ర కిరాయికుంటుంటి, పదిహేను రూపాయలు, నల్లా బయట. తెల్లచీరకు గంజిపెట్టి ఇస్త్రీ చేసుకొని, చేతికి గడియారం పెట్టుకొని నడుస్తుంటే నేనే పెద్ద డాక్టర్ననిపించేది. గర్వముండె నాకు, ఎందుకు దాచాలె.

ఆ దినాలు బాగలేకుండె. శహరంత గడ్‌బడ్, తెలంగాణ కావాలని కాలేజీ పిల్లలంత రోడ్ల మీద, మాటిమాటికి కర్ఫ్యూ. మధ్యాహ్నం ఓ రెండు గంటలు ఎత్తేటోళ్లు, గప్పుడే ఉప్పు, పప్పు ఉరికి తెచ్చుకునుడు. ఒకనాడు నేను ముషీరాబాద్ దిక్కు కూరగాయలకు పోయొస్తున్న. ఎదురుంగ ఒకాయన, కాళ్లకు చెప్పులు గూడ లేవు, ఉరికొచ్చి నా ముందల నిలబడ్డడు. "మీరు నర్సు సుగుణమ్మ గారే కదండీ? మా ఆవిడకి నొప్పులొస్తున్నాయండీ, ఒక్కసారి వచ్చి చూడండి" అన్నడు.

ఆనవాలు పట్టిన. ప్రసాదరావు సారు. గుడివాడ దిక్కోళ్లు, ఆఫీసు నౌకరీ, అశోక్‌నగర్‌ల ఇల్లు కిరాయికి తీసుకున్నరు. ఆమె పేరు శారద. నెలనెలా మా దవాఖానకే వచ్చేది. తొలి కాన్పు తల్లిగారింట్ల కావాలె గద. ఏడో నెలల తోలుదామనుకున్నరు, ఈ గడ్‌బడ్‌ల రైలెక్కియ్యనీకి భయపడి ఆపిన్రు. తల్లి అక్కడ, పిల్ల ఇక్కడ. ఇంట్ల ఇంకో ఆడమనిషి లేదు.

పోంగ పోంగ తొవ్వల మందుల షాపుల ఫోనుంటే మా డాక్టరమ్మకు చేసిన. ఆమె బర్కత్‌పురల ఇంట్లనే ఇరుక్కున్నది. "రిక్షా దొర్కితే దవాఖానకు తీస్కపో, లేకుంటే నువ్వే చెయ్యి సుగుణా. బిడ్డ పుట్టంగనే పేగు కోసెయ్యి. ఏడ్వకపోతే కాళ్లు పట్టి తలకిందులు చేసి కొట్టు. లేట్ చెయ్యకు" అన్నది. మాకు నేర్పింది గూడ గదే. ఆమెను తప్పు పట్టేదేం లేదు, అందరు గట్లనే చేసేటోళ్లు.

రిక్షా యాడ దొర్కుతది. నేను పోయేసరికే ఉమ్మనీరు పోయింది, బిడ్డ తల కిందికొచ్చింది. కదిలిచ్చే టైమే లేదు. ఇంట్ల ఉన్న కత్తెర, కుట్టుమిషన్ దారం ఉడకబెట్టమన్న సారును. పాపం, చెప్పినయన్నీ చేసిండు. గేటుకు మాత్రం లోపల్నుంచి తాళమేసిండు. ఆంధ్రోళ్ల ఇండ్ల మీద ఎప్పుడేం పడ్తదో తెల్వని దినాలు, ఆయన భయం ఆయనది.

పక్కనే ఒక ఇల్లు కడుతుండ్రి. పాలమూరు కూలోళ్లు, ఆడనే గుడిసెలేసుకొని ఉండేటోళ్లు. కర్ఫ్యూల పని బంద్. ఆళ్లల్ల బాలమ్మ అని ముసలామె, శారద అరుపులినొచ్చి గేటు పట్టుకున్నది. సారు తియ్యనంటడు. "సారూ, మీ లొల్లి మాకు తెల్వదు. లోపల ఆడిది ఒర్లుతున్నది. మా ఊర్ల నేను మంత్రసానిని. తియ్యి" అన్నది. నేను కిటికిల నుంచి చూసిన. చేతులు సున్నానికి పగిలి, గోర్లల్ల సిమెంటు. వద్దు సారూ, ఆ చేతులతోని లోపలికి రావద్దు అని నేనే అన్న. నా నోటితోనే అన్న బిడ్డా.

గంతల శారద గట్టిగ అరిచింది, "ఎవరో ఒకళ్లు రండీ, అమ్మా" అని. సారు ఇగ ఆగలె, తాళం తీసిండు. బాలమ్మ సీద లోపలికి రాలె. నల్లా కాడ కూసోని మోచేతుల దాక బూడిద పెట్టి రుద్దుకుంటనే ఉన్నది, రుద్దుకుంటనే ఉన్నది. నా కన్న ఎక్కువసేపు కడుక్కున్నది. వచ్చి ఏమీ ముట్టుకోలె. శారద వెనక కూసోని, వీపు తన రొమ్ముకు ఆనిచ్చుకొని పట్టుకున్నది. ఆ పిల్ల అప్పటిదాక గోడ పట్టుకొని ఏడుస్తుండె. ఒక మనిషి ఆసరా దొర్కంగనే జర నిమ్మలమైంది.

బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మెడకు పేగు ఒక చుట్టు ఉండె, అది తీసిన. కానీ బిడ్డ ఏడ్వలె. నీలంగ ఉన్నది, కాళ్లు చేతులు వేలాడేసింది. "ఏడవట్లేదేంటండీ? నా బిడ్డ ఏడవట్లేదేంటండీ?" అని శారద అంటనే ఉన్నది. డాక్టరమ్మ చెప్పిందే చెవుల మోగుతున్నది. దారం కట్టనీకి తీసిన. బాలమ్మ లేచొచ్చి నా మణికట్టు పట్టుకున్నది.

"కొయ్యకు" అన్నది. "పేగు పట్టి చూడు. కొట్టుకుంటున్నది. తల్లి ఇంకా ఇస్తనే ఉన్నది బిడ్డకు. ఎందుకు తెంపుతవ్?"

వేలు పెట్టిన బిడ్డా. అప్పటికి ఎన్ని పేగులు కోసిననో లెక్కలేదు, ఒక్కనాడు గూడ వేలు పెట్టి చూడలె. కొట్టుకుంటున్నది. మెల్లగ, ఆగి ఆగి, కానీ కొట్టుకుంటున్నది. ఊపిరి లేదు, ఏడుపు లేదు, కానీ నా వేలు కింద ఆ పిల్ల బతికి ఉన్నది. పుస్తకంల అది బిడ్డ గుండె అని ఉన్నది, బాలమ్మ తల్లిది అన్నది. ఇద్దరిదీ అనుకో. నాకు ఒళ్లు జలదరిచ్చింది. ఇప్పుడు చెప్తుంటే గూడ, అగో, చూడు నా చెయ్యి.

బాలమ్మ వెచ్చటి బట్టతోని బిడ్డ వీపు రుద్దుతున్నది. నేను నోట్ల ఉన్న తెమడ తీసిన. ఇంకో చేతి వేలు పేగు మీదనే. కొట్టుకునుడు జర జోరైంది. ఇంకా జోరైంది. నీలం పోయి ముందుగాల రొమ్ము ఎర్రగైంది, తర్వాత మొకం. మూతి ఇట్ల వంకర పెట్టింది. ఒక్కసారి ఎక్కిలి పడ్డట్టు చేసి, ఇగ ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన, శారద గూడ ఏడ్చింది, బాలమ్మ ఒక్కతే ఏడ్వలె. "ఇంకా ఆగు" అన్నది నాతోని.

ఆగినం. ఎంతసేపో తెల్వదు, చేతికి గడియారముండి గూడ చూడలె. పేగు కొట్టుకునుడు తనంతల తనే తగ్గి, తెల్లగై, మెత్తగై ఆగిపోయింది. ఇచ్చేదంత ఇచ్చేసి సాలిచ్చుకున్నది. గప్పుడు బాలమ్మ "ఇగ కొయ్యి" అన్నది. కోసిన. బిడ్డను రొమ్ముకు పట్టిచ్చినం, కొంచెం సేపటికి మాయ గూడ మంచిగ పడ్డది. నెత్తురు ఎక్కువ పోలె.

మల్ల నేను దవాఖానకు పోయిన, మల్ల కాన్పులు. బిడ్డ రాంగనే డాక్టరమ్మ "కొయ్యి సుగుణా" అంటది. నా వేలు పేగు మీద ఉన్నది, అది కొట్టుకుంటున్నది. ఎట్ల కొయ్యాలె? ఒక కూలామె చెప్పిందంటే ఇంటదా? "దారం దొర్కుతలేదమ్మా" అని ట్రేల ఎతుక్కుంట నిలబడ్డ. దినాం గదే. అది నా కొంగు కిందనే ఉంటుండె. మా డాక్టరమ్మ మస్తు తిట్టేది, నౌకరి పోతదని గూడ బెదిరిచ్చింది ఒకసారి. క్లిప్పులొచ్చినంక క్లిప్పు దొర్కలె. నీ హెడ్ సిస్టర్ గప్పటిదే, నవ్వి నవ్వి సచ్చేది.

రెండు నెలలకు బాలమ్మకు చెప్దామని అశోక్‌నగర్ పోయిన, పేగు కొయ్యకుంట నేను గూడ ఆగుతున్న అని చెప్దామని. ఇల్లు కట్టుడైపోయింది. గుడిసెలు లేవు. యాడికి పోయిన్రో ఎవ్వరికి తెల్వదు. ఊరి పేరన్న అడుగకపోతిని నేను.

"అమ్మమ్మా, మాకిప్పుడు అదే రూల్. బిడ్డ మంచిగుంటే నిమిషమన్న ఆగినంకనే కొయ్యాలె. లేబర్ రూంల గోడ మీద రాసి పెట్టిన్రు."

గోడ మీదనా?

మల్ల చెప్పు. నిమిషం ఆగాల్నని... పెద్ద అక్షరాలా, చిన్నయా? అందరికి కనపడేటట్టే ఉన్నదా?

బాలమ్మకు ఒక్క అక్షరం రాకుండె బిడ్డా.

ఆగు, కండ్లు తుడుచుకోని. ఇటు రా, నెత్తి మీద చెయ్యి పెట్టనియ్యి. సల్లగుండు. నీ చేతుల మీద పుట్టేటోళ్లందరు గట్టిగ ఏడ్చుకుంట పుట్టాలె. గోడ మీద ఉన్నది చదువు, గడియారం గూడ చూడు, కానీ ఒక వేలు పేగు మీద పెట్టు. రేపు డ్యూటీకి పోయినంక మీ హెడ్ సిస్టర్‌కు చెప్పు, మా అమ్మమ్మకు దారం దొర్కిందని.