లెక్కలో లేని రికార్డు

మార్గదర్శకురాలా? ఆ మాట ఎవరు కనిపెట్టారు బాబూ, నువ్వా, మీ కాలేజీ ఆటల డైరెక్టరా?

కూర్చో. ఆ కుర్చీలో వద్దు, అది పిల్లిది. ఇటు కూర్చో. బూట్ల మంచు కారితే కారనీ, ఈ వంటగది నేల అంతకంటే ఘోరాలు చూసింది.

ఏదీ, మళ్ళీ చెప్పు. శనివారం మీ బాస్కెట్‌బాల్ పిల్ల డెలేనీ అసిస్టుల రికార్డు బద్దలు కొడుతుంది, అదే, బుట్టలో వేసేవాళ్ళకి బంతి అందించిన లెక్క. ఆట ఆపుతారు. నన్ను చెయ్యి పట్టుకుని కోర్టు మధ్యకి నడిపిస్తారు, నడవడం రానట్టు. నేను ఆ పిల్ల చేతిలో బంతి పెట్టి, జనానికి చెయ్యి ఊపి, వచ్చి కూర్చోవాలి. మైకులో "మన మహిళా జట్టు మార్గదర్శకురాలు ఆర్డిస్ టోలెఫ్సన్" అంటారు. అంతేగా?

మార్గదర్శకురాలంటే నాకేం అర్థమయిందో చెప్పనా? దారి చూపించి, ఆనక ఆ దారికి అడ్డం లేకుండా తప్పుకునేది.

ఆ రికార్డు ఆ పిల్లది కాదు బాబూ. ఇంకా కాదు. నాది. డెలేనీ నాకింకా దాదాపు ఏడాది ఆటంత వెనక ఉంది. మీరు బద్దలు కొట్టిస్తున్నది నా తర్వాత ఎప్పుడో వచ్చిన ఇంకో అమ్మాయిది. పాపం ఆ అమ్మాయీ మంచిదే, ప్రతి క్రిస్మస్‌కీ కార్డు పంపుతుంది. తప్పు దానిది కాదు.

తెలుసులే. ఆ పాఠం నాకు చెప్పకు. ఆడపిల్లల ఆటల్ని జాతీయ సంఘం తన చేతిలోకి తీసుకున్న ఏడాది నుంచే మీ కాలేజీ లెక్కపెడుతుంది. అంతకు ముందువి లెక్కలోకి రావు. మరి అంతకు ముందు ఆ కోర్టు మీద మేం చేసిందేమిటి? బట్టలు ఉతికామా?

ఆ పళ్ళెంలో పై ముక్క తిను. ఎండుద్రాక్ష వేశాను. తినకుండా వెళ్తే ఈ ఊళ్ళో నీ గురించి ఏమనుకుంటారో నాకు తెలుసు, ఎందుకంటే ఆ మాట మొదలుపెట్టేది నేనే.

మీ అమ్మమ్మ ఎవరన్నావ్? ఫిలిస్? పెళ్ళికి ముందు ఇంటిపేరు? హూ. ఎర్ర జుట్టు ఫిలిస్. పక్క కౌంటీ జట్టులో గార్డు. ఆవిడ మోచెయ్యి ఇదిగో ఇక్కడ దిగింది, ఈ పక్కటెముక మీద. వాన వచ్చే ముందు ఇప్పటికీ పలకరిస్తుంది. అడిగానని చెప్పు. పక్కటెముక కూడా అడిగిందని చెప్పు.

నీకు చెప్పలేదా ఆవిడ? ఈ అయోవా రాష్ట్రంలో మా ఈడు ఆడవాళ్ళని ఎవరిని కదిపినా ఇదే కథ. అప్పట్లో ఇక్కడ హైస్కూలు ఆడపిల్లల ఆట వేరు. జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఫార్వర్డ్లు, వాళ్ళే బుట్టలో వెయ్యాలి. ముగ్గురు గార్డులు, మేం అడ్డుకోవాలి, అంతే. కోర్టు మధ్యలో గీత. ఆ గీత ఇటువాళ్ళు అటు దాటకూడదు, అటువాళ్ళు ఇటు రాకూడదు. ఇంకోటి కూడా ఉంది. బంతి చేతికొస్తే రెండుసార్లే నేలకి కొట్టాలి, ఆగాలి, ఇచ్చెయ్యాలి. ఎక్కువ పరిగెడితే ఆడపిల్లల గుండె ఆగిపోతుందని ఎవరో పెద్దమనిషి తేల్చాడట. పొద్దున్నే ఆవుల పాలు పితికి, బకెట్లు మోసి వచ్చేవాళ్ళం. గుండె ఆగిపోతుందట.

నేను గార్డుని. హైస్కూలంతా ఆడి ఒక్క బుట్ట వెయ్యలేదు. వెయ్యనివ్వరు. బంతి లాక్కోవడం, గీత దాకా రావడం, అవతల ఉన్న జనీస్‌కి విసరడం. జనీస్ మా వీధే. ఆ పిల్లకి బంతి అందిందంటే నేను తిరిగి చూసేదాన్ని కాదు. శబ్దం వినేదాన్ని.

ఇద్దరం మీ కాలేజీకే వచ్చాం. అక్కడ ఐదుగురి ఆట, కోర్టంతా పరిగెత్తాలి. మొదటి మ్యాచి. బంతి లాక్కున్నాను. ముందు ఒక్క పురుగు లేదు, నున్నగా ఖాళీ కోర్టు. రెండుసార్లు కొట్టాను. మధ్యగీత దగ్గర ఆగిపోయాను.

ఆగిపోవడం అంటే అలా ఇలా కాదు. స్తంభంలా. మా కోచ్ మిస్ ఎల్డ్రిడ్జ్ "వెళ్ళు, వెళ్ళు" అని అరుస్తోంది. చూడ్డానికి వచ్చిందే గుప్పెడుమంది, అందరూ నవ్వుతున్నారు. నేల తుడిచే ఆయన చీపురు మీద ఆనుకుని మరీ నవ్వాడు. నా కాళ్ళు నా మాట వినలేదు. ఏం చెయ్యను? అటు చూస్తే బుట్ట కింద జనీస్ చెయ్యెత్తి నిలబడి ఉంది, ఎప్పట్లాగే. విసిరాను. వేసేసింది.

మిస్ ఎల్డ్రిడ్జ్ నా జబ్బు కుదర్చాలని చాలా తిప్పలు పడింది. గీత కనబడకుండా పాత దుప్పటి పరిచింది. నేను దుప్పటి దగ్గర ఆగాను. నా వెనకాల ఇద్దర్ని పెట్టి తోయించింది. తోసినవాళ్ళు గీత దాటి పడ్డారు, నేను దాటలేదు. చివరికి బెంచీ మీద కూలబడి, "సరే ఆర్డిస్. ఆగు. కానీ ఆగేలోపు ఎవరికి విసరాలో చూసి పెట్టుకో" అంది.

అంతే బాబూ. అదే నా ఆట మొత్తం. అవతలి జట్లు నన్ను ఆపడానికి గీత దగ్గర కాపు కాసేవి, బంతి వాళ్ళ తలల మీదుగా వెళ్ళిపోయేది. తర్వాత నేను గీత దాటడం నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. సీజను చివరిదాకా దాచి, అవసరమైన రోజున దాటాను. వాళ్ళ కోచ్ రెఫరీ దగ్గరికి వెళ్ళి గొడవ పడ్డాడు, ఆ పిల్ల దాటకూడదు కదా అని.

నవ్వొచ్చిందా? నవ్వు. కానీ నవ్వేప్పుడు ఇదీ విను. మగపిల్లలకి బస్సు ఉండేది. మేం మిస్ ఎల్డ్రిడ్జ్ కారులో ఒకరి ఒళ్ళో ఒకరం. మగపిల్లలు స్నానాలు చేసి భోజనానికి వెళ్ళాక జిమ్ మాకు. చొక్కాలు మేమే కొనుక్కున్నాం, నంబర్లు దెబ్బకి వేసే ప్లాస్టర్‌తో అంటించుకున్నాం. చెమట పడితే ఊడిపోయేవి. ఒకసారి నా నంబరు మొత్తం ఊడి ఫిలిస్ మోచేతికి అంటుకుంది. మీ అమ్మమ్మే. ఆవిడ వేరే కాలేజీకి వెళ్ళింది, మోచెయ్యి కూడా తీసుకెళ్ళింది.

అంత చేసి ఆడిన ఆట. చూడాలంటే ఆ అంకెలు మీ దగ్గరే ఉన్నాయి. ఎవరూ దాచలేదు. చూడాలని ఎవరికీ అనిపించలేదు, అంతే.

ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకు అంటావు. అదీ చెప్తాను.

అక్టోబరులో జనీస్ పోయింది. పేపర్లో వేశారు. చర్చిలో ఆర్గన్ వాయించేది, రూబార్బ్ జామ్ బాగా చేసేది, మనవలంటే ప్రాణం. ఆఖర్న ఒక మాట. కాలేజీ రోజుల్లో సరదాగా బాస్కెట్‌బాల్ ఆడేది.

సరదాగా.

నేను విసిరితే అది నా అసిస్టు ఎప్పుడవుతుంది? అవతలి పిల్ల బుట్టలో వేస్తేనే కదా? వెయ్యకపోతే నాది ఉత్త విసురుడు. నా లెక్కలో సగానికి పైగా ఆ పిల్ల చేతులే. నావి లెక్కలోకి రావంటే జనీస్‌వీ రావు. అప్పుడు సరదాగా ఆడినట్టే మరి.

అందుకని మిగిలిన మా జట్టువాళ్ళకి ఫోన్లు చేశాను. అవును, శనివారం వస్తున్నాం. ముందు వరుస టికెట్లు. చొక్కాల మీద ప్లాస్టర్ నంబర్లు. మీ డైరెక్టరుకి ఈ సంగతి తెలిసే నిన్ను తరిమాడని నాకు తెలుసు. ఏం చేస్తామని భయం? ముసలివాళ్ళం. ఒకరికి తుంటి మార్చారు, ఒకరు ఆక్సిజన్ బండి లాక్కుంటూ వస్తుంది. మహా అయితే నిలబడతాం. కూర్చోమంటే కూర్చోం. అదే కదా మీ భయం, టీవీలో కనబడుతుందని.

నేనడిగేది ఒక్కటే. మైకులో రెండు అంకెలు చదవండి. సంఘం వచ్చాక అందరికంటే డెలేనీ ముందుంది, అది నిజం, చప్పట్లు కొడదాం. మొత్తం మీద ఆర్డిస్ ముందుంది, అదీ నిజం. తర్వాత పూలు కూడా ఇవ్వండి, కాదనను.

ఏమిటీ? చొక్కాలు అచ్చయిపోయాయా? "సర్వకాల రికార్డు" అని? ఎన్ని? వద్దులే, చెప్పకు. వచ్చే ఏడాదికి దాచండి. అప్పుడు పంచే పని పడకపోదు.

చూడూ, నువ్వు ఒకటి తప్పుగా అనుకుంటున్నావు. నా రికార్డు చిరకాలం ఉండాలని నా ఏడుపు అనుకుంటున్నావు. కాదు. లెక్కలో లేని రికార్డుని ఎవరు బద్దలు కొట్టగలరు? అది అలా మూల పడి ఉంటుంది, నాతో పాటే మట్టిలోకి పోతుంది. ఎవరో ఒక పిల్ల దాని కోసం పరిగెత్తాలి, ఆయాసపడాలి, ఇంకా ఎంతుందని ఊరంతా అడగాలి. అప్పుడే కదా అది ఉన్నట్టు.

నీ ఫోను మోగుతోంది. ఎత్తు. మీ డైరెక్టరే అయుంటాడు. ఎత్తవయ్యా, నేను వినను. చెవులు బాగానే ఉన్నాయి కానీ వినను.

ఏమంటాడు? మొహం అలా పాలిపోయిందేం?

డెలేనీ బంతి పుచ్చుకోనందా?

ఎందుకట? "ఈ రికార్డు నాది కాదు, ఇంకా అక్కడిదాకా రాలేదు" అందా? మైకులోనే అంటానందా. హూ.

నన్నలా చూడకు. నేనేం నూరిపొయ్యలేదు. సరే, ఆ పిల్ల ఇక్కడికి వచ్చింది, మంగళవారం. వస్తూ వస్తూ కారు గుంటలో దించింది, నా ట్రాక్టరుతో పైకి లాగాను. మీ కాలేజీ వసారాలో మా పాత ఫొటో ఒకటి ఉందట, నీళ్ళ ఫిల్టరు వెనకాల. అది చూసి వచ్చింది. "అంత దూరం ఎలా విసిరేవారు మామ్మా?" అంది. ఆ మాట నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు బాబూ. మా అబ్బాయి కూడా అడగలేదు.

మిషన్లు పెట్టుకునే షెడ్డులో చూపించాను. ఒక పక్క కోత మిషను, ఒక పక్క విత్తనాల బస్తాలు, మధ్యలో మేం. పిల్ల మొదటి విసురుకి నా పికప్ లైటు పగిలింది. రెండోది బాగానే వెళ్ళింది. మణికట్టు ఎక్కడ తిప్పాలో చూపించాను, పాదం ఎటు ఉండాలో చూపించాను. చెయ్యి మంచిది ఆ పిల్లది. నా చెయ్యి కంటే మంచిది, ఈ మాట బయట అన్నావంటే అనలేదంటాను.

అప్పుడు అడిగింది, మీవి మొత్తం ఎన్ని అని. అడిగితే చెప్పనా, మానేదా? చెప్పాను. బకెట్టు బోర్లించుకుని కూర్చుని, తల వంచుకుని వేళ్ళ మీద లెక్కేసుకుంది. పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాను. తల ఎత్తి, "అయితే ఇంకో సీజను ఉంది నాకు" అంది. అంతే అంది. కళ్ళు మెరుస్తున్నాయి.

మళ్ళీ మోగుతోంది. ఎత్తు.

రెండంకెలూ చదువుతారా? జనీస్ పేరు కూడానా? జనీస్ గురించి ఏమంటారో కనుక్కో ముందు. "సరదాగా" అనే మాట వచ్చిందంటే నేను నిలబడటంతో ఆగను, మైకు దగ్గరికి వస్తాను. చెప్పు ఆయనకి. చెప్పావా? సరే. మార్గదర్శకురాలు తీసేశారా? మరి ఏమంటారు? "రికార్డు ఆర్డిస్ టోలెఫ్సన్ పేరున ఉంది." ఆ, అది బాగుంది. పొడుగు తక్కువ, అర్థం ఎక్కువ.

కోటు వేసుకో. మంచు ఇంకా ముదురుతుంది. ఆ మలుపు దగ్గర నెమ్మదిగా వెళ్ళు, ట్రాక్టరు మళ్ళీ తియ్యలేను.

ఆగు. ఒక్కమాట. నువ్వు ఫిలిస్ మనవడివి కాబట్టి చెప్తున్నాను, ఆవిడకైతే అర్థమవుతుంది.

శనివారం అందరి ముందూ ఆ పిల్లని దగ్గరికి తీసుకుంటాను. వచ్చే చలికాలం నా రికార్డు నువ్వు బద్దలు కొట్టాలి తల్లీ అంటాను. మనస్ఫూర్తిగానే అంటాను. ప్రతి మ్యాచికీ వస్తాను, ముందు వరుసలో కూర్చుంటాను, గొంతు పోయేలా అరుస్తాను. మార్చి వస్తుంది. ఆఖరి మ్యాచి. ఊరంతా నిలబడి ఉంటుంది, పిల్ల చేతిలో బంతి ఉంటుంది.

నా లెక్కకి ఒక్కటి తక్కువ పడాలి బాబూ. ఎక్కువ కాదు, ఒక్కటి. ఆ రోజు ఆ పిల్లని నేనే పట్టుకుని ఓదారుస్తాను. నిజంగానే ఓదారుస్తాను.