మసక బొమ్మలు

జగిత్యాల, పొద్దున ఎనిమిది గంటలు. సత్యవ్వ చాటలో బియ్యం పోసుకొని రాళ్లు ఏరుతోంది. సొంత స్కానింగ్ సెంటర్ ఉన్న రేడియాలజిస్ట్ కొడుకు శ్రీధర్ ఒకవైపు, హైదరాబాద్ ఆస్పత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్‌గా పనిచేస్తూ అప్పుడే బస్సు దిగి వచ్చిన కూతురు శ్రీవాణి మరోవైపు.

"చాట ఇటియ్యి అమ్మా, నేను ఏరుత. నడుం వంచకు."

"నాలుగు గింజలే బిడ్డ. అయితయి."

"అన్నా, మూడు నెలల సంది గీ నడుం నొప్పి. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనైన మనిషాయె. బోన్ స్కాన్ తీపియ్యమని కోరుట్ల డాక్టర్ చీటి రాసిచ్చిండట. ఏదది?"

"చించిన."

"చించినవా?"

"గా కోరుట్ల సర్జన్‌గానికేం తెలుసు? రెండుసార్లు నేనే ఎక్స్‌రే తీసిన, నేనే చూసిన. ఎముకలు అరిగినయి, అంతే. అరవై ఏండ్లకు అరగయా?"

"క్యాన్సర్ ఎముకను సగం తినేదాక ఎక్స్‌రేల కనపడదన్నా. బోన్ స్కాన్‌ల ముందుగాల్నే దొరుకుతది."

"ఓహో. టెక్నీషియనమ్మ ఎండీకి పాఠం చెప్తుంది. ఇనుకో అమ్మా, నీ బిడ్డ సదువు!"

"నన్ను నడుమ గుంజకుండ్రి."

"గవి బొమ్మలానే? మసక మసక. పొగల మనిషిని నిలవెట్టి ఫోటో తీసినట్టు. మా కాన్ఫరెన్సుల మీ న్యూక్లియరోడు మైకు పట్టుకున్నడంటే అందరం చాయ్‌కి లేస్తం, తెలుసా?"

"పీజీల గా న్యూక్లియర్ డిపార్ట్‌మెంట్ల ఎన్ని దినాలున్నవ్?"

"వారం."

"వారమా?"

"అండ్ల రెండు దినాలు సెలవు. అయితే ఏంది?"

"ఒక్క బోన్ స్కానన్న సొంతంగ సదివినవా?"

"సదువుతందుకు అండ్ల ఏమున్నది? నల్ల చుక్కలు! గా చుక్కల కోసం అమ్మ ఒంట్లకు సూదితోటి రేడియేషన్ ఎక్కిస్తవా?"

"నీ సీటీ మిషన్ల ఏమస్తయన్నా, బంతిపూలా?"

"నోరు బాగ లేస్తుంది. ఊళ్లె నవ్వరా? సొంత సెంటర్ పెట్టుకోని తల్లిని ఇంకొకని మిషన్ కింద పండుకోబెట్టిండంటరు."

"గదా నీ రంది! అమ్మ నడుం గాదు, నీ బోర్డు."

"శ్రీవాణీ!"

"అమ్మా, నువ్వన్న చెప్పు. నాతోటి వస్తవా?"

"ఆమెనేం అడుగుతవ్? ఆమె మనసే మంచిగ లేదు. మొన్న సిరిసిల్ల చిన్నమ్మ ఇంటికని రెండు దినాలు పోయొచ్చింది. తిరిగొచ్చిన రాత్రి నా బిడ్డ చేతులు చాపుకుంట ఉరికొస్తే దగ్గరికి రానియ్యలే. తలుపేసుకుంది. మీ వదినె రాధిక బువ్వ తినకుండ పండుకుంది, నా బిడ్డ ఏం పాపం చేసిందని."

"నిజమానే అమ్మా? పాపనా?"

"నిజమే."

"ఎందుకే?"

"సూదేసినోళ్లు చెప్పిండ్రు. గా ఒక్క దినం పసిపిల్లలను ఒళ్లె కూసోవెట్టుకోవద్దన్నరు."

"ఏం సూది? సిరిసిల్లల సూదేంది?"

"కోరుట్ల డాక్టర్ తాన ఇంకో చీటి రాపిచ్చుకున్న కొడుకా. సిరిసిల్లల నా చెల్లె వజ్రమ్మను తోలుకోని హైదరాబాద్ పోయి గా బోన్ స్కాన్ తీపిచ్చుకున్న."

"హైదరాబాద్‌లనే ఉన్న నాకన్న చెప్పకపోతివి అమ్మా!"

"చెప్తే మీరిద్దరు కొట్లాడుకుందురు, గిప్పటి లెక్క. గా బియ్యం డబ్బాల కవరున్నది, తియ్యి."

"ఇగో, దొరికింది. రిపోర్టే ఇది."

"సదువు బిడ్డ."

"అమ్మా... క్యాన్సర్ నడుం ఎముకలకు పాకిందే. మూడు జాగలల్ల."

"నాకు చెప్పిండ్రు. అన్నకియ్యి, గా మసక బొమ్మలు సూస్తడు."

"ఇగో అన్నా, పట్టుకో. అన్నా! ఎటు పోతున్నవ్?"

"పోనియ్యి బిడ్డ. కొడుకా, వట్టి కాళ్లతోటి పోతున్నవ్. చెప్పులన్న తొడుక్కో."