ఏడిండ్ల బావిలో వంతు

ఏడిండ్ల బావి తెలుసు గదా మీకందరికీ, కొండకింది పొలాల్లో తుమ్మచెట్లు మూసేసినాయే, అదే. గొర్రెలు కాసేవోళ్ళు గూడా చుట్టు తిరిగి పోతారు గానీ ఆ దోవన పోరు. ఎందుకు పోరో చెప్తా, చెనక్కాయలు తింటా వినండి. ఏమ్మే లచ్చిమిదేవీ, నీకు చేరెడు తక్కువొచ్చినాయని మూతి ముడుచుకోని కూచుంటివే, నీకోసమే చెప్తాండా.

ఆ బావి ఏడు ఇండ్లోళ్ళది. ఎండాకాలం నీళ్ళు అడుగంటితే పూడిక తీసేవోళ్ళు. ఇంటికొక మనిషి వంతు ప్రకారం దిగి నూరు గంపల బురద నింపాల, పైనోళ్ళు తాడుతో లాగి పారబొయ్యాల. ఇంకో కట్టడి ఉండె. తర్వాతోడి కాలు బురదలో పడేదాకా కిందుండేవోడు పైకి రాగూడదు. బావి ఖాళీ అయితే ఊట అలిగి పోతాదంట. పోతాదో లేదో ఎవురు చూసినారు, ఎవురన్నా ఖాళీగా ఇడిస్తే గదా!

గుర్రప్ప అని ఒకాయప్ప ఉండె. వంతంటే ఆయప్పకు ప్రాణం. తన చేనికి ఒక మడి నీళ్ళు ఎక్కువ పారినా ఒప్పుకోడు, ఇంకొకడి చేనికి తక్కువ పారినా ఒప్పుకోడు, రచ్చ చేసేస్తాడు. ఒక ఏడాది ఆయప్ప వంతొచ్చిన పొద్దు ఇంట్లో ఐదేండ్ల కూతురికి ఒళ్ళు కాలిపోతాండాది. గబగబా నూరు గంపలు తీసేసి, పాపను బండిలో ఏసుకోని టౌన్లో డాక్టరు కాడికి పోదామని దిగినాడు. తీసినాడు, తీసి, తిమ్మయ్యా, ఇంక నీ వంతు దిగప్పా అని కేకేసినాడు. తిమ్మయ్య ఏమన్నాడనుకుంటిరి? సద్ది తాగొస్తా ఉండు అన్నాడు. ఇంటికి పొయ్యి, తాగి, చాప పరుచుకోని పండుకున్నాడు. పాపకు జరం, ఎవురన్నా దిగండ్రా అని కిందనుంచి మొత్తుకుంటే, పైనుండేవోళ్ళు మా వంతు అయిపాయ గదా, మళ్ళా మేమెట్ల దిగుతాం అని తాడు గట్టుకు చుట్టేసి, వాళ్ళూ అన్నానికి పొయినారు.

మెట్లు ఉండాయి, ఎక్కి రావచ్చు గదా అంటారు మీరు. నేనూ అదే అంటా. ఆయప్ప మొదటి మెట్టు మీద కాలు పెడతాడు, ఊట పోతే ఏడిండ్ల పైరు నా మూలాన ఎండిపోతాదే అని మళ్ళా దిగుతాడు. పైన చూస్తే చేటంత ఆకాశం. బురదలో నిలబడి ఏడ్చినాడంట, మొగోడు, గట్టిగా ఏడ్చినాడు.

అప్పుడు పక్కన ఒక కాలు దబ్బున బురదలో పడింది. నీకు బదులు నేను దిగినా, పో, రేపు మధ్యాన్నం నాకు బదులు నువ్వు దిగాల అనింది ఒక గొంతు. సరే అనేసినాడు. మొగం గూడా చూడలేదు, చూసే తీరిక యాడుండాది? పరిగెత్తినాడు, పాపను డాక్టరు కాడికి తీసకపొయినాడు, పాప బతికింది.

తెల్లారి తిమ్మయ్య, నేను దిగలేదే, ఎవురు దిగింది అంటాడు. గట్టు మీద చూస్తే ఇంకో నూరు గంపల బురద, లాగినోడు లేడు. అప్పుడు ముసిలోళ్ళకు గ్యాపకమొచ్చింది, బావి తవ్వేటప్పుడు ఒడ్డు విరిగి లోపలే పొయిన ఈరన్న. ఆయప్పను దించినోళ్ళు గూడా ఆయప్పకు బదులు దిగలేదంట.

వంతు నీది, నువ్వు దిగు అని తిమ్మయ్యను పట్టుకున్నాడు గుర్రప్ప. మాటిచ్చింది నువ్వు గదా అని తిమ్మయ్య చెయ్యి ఇదిలించుకున్నాడు. గుర్రప్ప పెండ్లాం మొగుడి కాళ్ళు చుట్టుకునింది, దెయ్యానికిచ్చిన మాట గూడా ఒక మాటేనా, ఇల్లు కదలాకు అని. ఆయప్ప ఒకటే అన్నాడు. మనుషులు ఎవురూ దిగలేదే, అది దిగింది, ఇప్పుడు నేను ఎగ్గొడితే నేనూ తిమ్మయ్యా ఒకటే గదా అని. మధ్యాన్నం దిగినాడు. తర్వాత దిగేదానికి ఎవురికీ కాళ్ళు రాలేదు. సాయంత్రం తొంగిచూస్తే బావి నిండా నీళ్ళు, మనిషి లేడు.

న్యాయమా అంటే ఏం చెప్పాల? తిమ్మయ్య ఎనభై ఏండ్లు బతికి, మంచంలో నిద్దర్లోనే పొయ్యినాడు. ఇప్పటికీ ఎండ నడినెత్తికొస్తే ఆ బావిలోనుంచి, తర్వాత వంతు ఎవురిదప్పా అని అడుగుతాదంట. ఏడిండ్లలో ఆరిండ్లోళ్ళు పొయినారు, వలస పొయినోళ్ళు పొయినారు, సచ్చినోళ్ళు సచ్చినారు. జరమొచ్చిన ఆ పాపొక్కతే మిగిలింది. డెబ్బై దాటినాయి దానికి, మీకు చెనక్కాయలు పంచుతాండాది.

వంతు నాదేనని నాకు తెలుసు. మా నాయన గొంతు ఎట్లుంటాదో గూడా తెలుసు, ఒక తూరి ఇన్నా. పలకలేదు. తప్పే, రోజూ అనుకుంటా తప్పేనని. అయినా పోను.

ఇదిగో లచ్చిమిదేవీ, నా దోసిట్లోయి నువ్వే తీసుకో. ఆ దోవన మాత్రం పోవాకండి. పోయినా, పిలిస్తే పలకాకండి.