మూడోసారీ అదే దిబ్బ

సుద్దకొండలు చుట్టి, తిరిగి బయల్దేరిన ఊరికే చేరాల్సిన పద్దెనిమిది మైళ్ళ నడక అది. గుంపులో ఒకామె కూతురి మడమ బొబ్బలెక్కింది, ఆఖరి బస్సు ఐదింటికి. ముందు నడిచేవాణ్ణి తప్పుపడితే మర్యాద కాదని వెంట నడిచే పద్నాలుగుమందీ నోరు మెదపలేదు. తల్లి ప్రాణం ఆగలేక ఆమె దారి చూపే ప్రూయెట్ దగ్గరికి వెళ్ళింది.

"ప్రూయెట్ గారూ, ఈ సమాధి దిబ్బ ఎంత బాగుందండీ! పొద్దున చూసినప్పుడూ బాగుంది."

"నాలుగువేల ఏళ్ళనాటిదమ్మా. చూసినకొద్దీ చూడాలనిపిస్తుంది."

"మధ్యాహ్నం చూసినప్పుడు కూడా అలాగే అనిపించింది లెండి. ఈ గొర్రె మనల్ని గుర్తుపట్టినట్టుంది."

"గొర్రెలన్నీ ఒకేలా ఉంటాయి."

"వీపుమీద ఈ నీలిమచ్చ కూడానా? అయ్యా, చీకటిపడితే పిల్ల సుద్దమీద జారి కాలు విరగ్గొట్టుకుంటుంది. మంచు కమ్ముతుంది. తెల్లారి మన శవాల్ని ఈ గొర్రే చూస్తుంది. దారి తప్పామా?"

"తప్పి ఆరు గంటలైందండీ. ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను."

"మలుపెక్కడ?"

"ఈ కంచె పక్కనే. పొద్దున మీ అమ్మాయి చూపించబోయింది."

"మరి తిరగలేదేం?"

"పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని మీరు అమ్మాయి చెయ్యి నొక్కారు కదా! మీ మాట నేనెలా తీసెయ్యను?"

కింద రోడ్డుమీద ఆఖరి బస్సు కదిలింది.

"ఓ డ్రైవరూ! ఆగవయ్యా!" ఆమె గొంతు చించుకుంది.

పద్నాలుగుమందీ ఆమె ఎవరో తెలియనట్టు నిలబడ్డారు. బస్సు ఆగింది. వాళ్ళే ముందు పరిగెత్తారు.