దాలయ్య నడుము, కళ్లకి కట్టిన పెట్టె

కాశీబుగ్గ బస్టాండు ఎదుట పోలారావు టీకొట్టు. ఇచ్ఛాపురం బస్సు ఇంకా రాలేదు. బల్ల మీద కూర్చున్న డొంకూరు దాలయ్యకి డెబ్బై ఏళ్లు, అందులో నలభై సముద్రంలో వల లాగినవే. ఎదురుగా ఆటో డ్రైవరు ఢిల్లీరావు కూర్చుని ఉన్నాడు. ఇంకేం కావాలి, దాలయ్య మొదలెట్టాడు.

"ఇనండర్రా. పన్నెండేళ్లయి నా నడుం నా మాట ఇనట్లేదు. వంగితే లెగనేను, లెగిత్తే వంగనేను. నొప్పి మాత్రలు అటుకులు బుక్కినట్టు బుక్కినాను. 'కిడ్నీలు జాగర్త, ఇంక మింగకు' అన్నాడు డాక్టరు. ఊరూరా కిడ్నీ రోగాలున్న మన ఉద్దానపోళ్లకి ఆ మాట సెప్తే ఇంకేటుంది, నోట్లో ఉన్న మాత్ర కూడా ఊసీత్తాం! అప్పుడు ఇక్కడే, కొత్తగా పెట్టిన నొప్పుల ఆస్పత్రికి ఎల్లినాను. అక్కడ కసరత్తులు సేయించే పిల్ల, సీతారత్నమని, నా కళ్లకి నల్లటి పెట్టె ఒకటి కట్టినాది. వీఆర్ అంటారట దాన్ని, లోపల బొమ్మలు కదుల్తాయట."

"నొప్పి నడుముకైతే పెట్టె కళ్లకేటి మావా?" అన్నాడు ఢిల్లీరావు.

"నానూ అదే అడిగినాను. 'నొప్పిని పట్టుకుని కూకునేది బుర్ర తాతా, దానికి వేరే పని సెప్తే కాసేపు వొదిలేత్తాది' అన్నాది. పావుగంటలో నొప్పి సగం దిగిపోనాది."

"మంచిదే కదా," అన్నాడు పోలారావు గ్లాసులు కడుగుతూ.

"అక్కడితో ఆగినాదనుకున్నావేటి? ఆ తర్వాత ఏటైందో తెల్సా? పెట్టెలో సముద్రం! సముద్రం కనిపిత్తే నా సేతులు ఊరుకుంటాయా? వల ఇసిరినాను. గాలి సూడూ, ఆస్పత్రిలో ఫ్యాను ఆగిపోయున్నా నా వల గాలికి నర్సమ్మ కాయితాలన్నీ ఎగిరిపోనాయి. పెట్టె సందుల్లోంచి ఉప్పునీళ్లు బొటబొటా కారినాయి. రోగులందరూ కాళ్లు బల్లల మీదకి ఎత్తీసినారు."

"మోకాళ్ల నొప్పులోళ్లు కూడానా?"

"ఆళ్లే ముందు ఎత్తినారు! మడవని మోకాలు మడిసినారు! డాక్టరే నోరు తెరిసీసినాడు. సరే, వల బరువెక్కినాది. ఏటి పడిందనుకున్నావు? తిమింగలం! తాడు నా నడుముకి సుట్టుకున్నాను. ఏ నడుముకి? ఈ నడుముకే. అది సముద్రం వైపు లాగతాది, నాను ఒడ్డు వైపు లాగతాను. ఆ లాగుడికి ఆస్పత్రి కదిలిపోనాది బావూ, పునాదుల్తో సహా! పలాస రైలు గేటు దాకా ఎల్లిపోనాది. గేటాయన సూసి గేటేసినాడు."

"రైలుకా, ఆస్పత్రికా?"

"రైలుకే! నా ఆస్పత్రి దాటేదాకా రైలు ఆగినాది. డ్రైవరు దిగొచ్చి, 'తాతా, ఒక ముక్క ఇయ్యి' అన్నాడు. తిమింగలం ముక్క తింటావేట్రా అని కోప్పడి పంపించీసినాను."

వెనక నుంచి ఎవరో నవ్వారు. టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది సీతారత్నం. ఆస్పత్రి నుంచి టీకి వచ్చి, రైలు గేటు మాట వచ్చిన దగ్గర్నుంచీ వింటోంది.

"తాతా, నీకు ఆ రోజు నేను పెట్టింది సముద్రం కాదు. మంచుకొండలు."

దాలయ్య బల్ల మీద సర్దుకుని కూర్చున్నాడు. "కొండల ఎనకాల ఉన్నాది సముద్రం."

"అవైనా నువ్వు చూస్తేగా! పెట్టె కట్టకముందే భయపడి కళ్లు గట్టిగా మూసుకున్నావు. విప్పాక, 'అయిపోనాదా అమ్మా, కళ్లు తెరవొచ్చా' అని నువ్వే అడిగావు."

పోలారావు చేతిలో గ్లాసు నీళ్లలోకి జారిపోయింది. ఢిల్లీరావు పొట్ట పట్టుకుని నవ్వాడు. దాలయ్య బస్సు వచ్చే వైపు చూశాడు. అది రాలేదు.

సీతారత్నం వచ్చి బల్ల మీద అతని పక్కన కూర్చుంది.

"ఒక్కటే నాకు అర్థం కాలేదు తాతా. పెట్టె కట్టకముందు పదికి ఎనిమిది నొప్పన్నావు. విప్పాక ఐదన్నావు. అదీ కోతేనా?"

"నేదమ్మా. అది నిజం."

"మరి కళ్లు మూసుకుని ఏం చూశావు?"

దాలయ్య ఈసారి మెల్లగా చెప్పాడు.

"ఏటీ నేదమ్మా. మా డొంకూరు ఒడ్డు. తెల్లారతన్నాది. ఒక్కణ్నే వల లాగతన్నాను."

"సేపలు పడ్డాయా మావా?" ఢిల్లీరావు ఈసారి నవ్వకుండా అడిగాడు.

"ఒక్కటీ పడనేదురా. ఉత్త వలే. అయినా లాగతానే ఉన్నాను. నడుమనేది ఒకటుందనే గ్యాపకమే నేదు."